ఎండినా చావని ప్రాణము

మొన్న మే నెలలో మా సంఘములోని ఆదివారపు బడి పిల్లలను వెంటబెట్టుకొని మేము హార్స్లీ హిల్స్‌కు వెళ్ళాము. మదనపల్లెకు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఈ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. వెనుకటి రోజులలో కడప జిల్లా కలెక్టరుగా ఉన్న డబ్ల్యు. డి. హార్స్లీ దొర వేసవి విడిదికని ఇక్కడ ఇల్లు కట్టుకున్నందున ఆయన పేరు నిలిచిపోయింది. క్రింద మదనపల్లెలో నిప్పులు చెరిగే ఎండ కాస్తున్నా పైన గాలి చల్లగానే ఉంది. కాని వానలు లేక బండలు మాత్రము మాడిపోయి ఉన్నాయి.

మధ్యాహ్నము ఒక బండ ప్రక్కన నీడలో కూర్చొని పులిహోర పొట్లాలు విప్పుకున్నాము. ఆ బండ మీద అక్కడక్కడ నల్లగా, పెళుసుగా ఎండిన పాచి ఉన్నది. వేలితో నలిపితే పొడుమై రాలిపోతున్నది. ఒక పిల్లవాడు చేతులు కడుక్కున్న నీళ్ళు దాని మీద పడినాయి. మేము భోజనము ముగించేలోగానే ఆ తడిసినంత మేర పాచి విచ్చుకొని పచ్చబడింది. పిల్లలు చుట్టూ మూగి, “చచ్చిపోయినది మళ్ళీ బ్రతికిందా?” అని అడిగారు.

మాతో వచ్చిన మా ఇంటి అవ్వ వేరే మాట అన్నది. “బండ మీది పాచికున్న పాటి సత్తువ మన చెనిక్కాయలకు లేకపాయెనే!”

ఆ మాటకు కారణమున్నది. నిరుడు మా కుటుంబము విత్తనానికని దాచుకున్న వేరుశెనగ సగానికి సగము మొలవలేదు. జూలైలో అదను చూచి విత్తాము. పది రోజుల తర్వాత చూస్తే సాళ్ళ నిండా ఖాళీలే. మళ్ళీ విత్తనాలు కొనడానికి అప్పు చేయవలసి వచ్చింది. కొండ మీద నెలల తరబడి మాడిన పాచి బ్రతికింది. ఇంటిలో భద్రముగా దాచిన గింజ చచ్చింది. ఎందువలన? అవ్వ అడిగిన ఆ ప్రశ్నను మేము ఊరకే విడువలేదు. తెలిసినవారిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులు పాఠకులతో పంచుకొంటున్నాము.

నీరు పోతే ఏమౌతుంది?

విరేచనాలతో పసిబిడ్డ ఒంటి బరువులో పదోవంతు నీరు పోతే ఆ బిడ్డ ప్రాణాపాయములో పడినట్లే. తల్లులందరికీ ఇది తెలుసు. కాని ఎండిన పాచిలోను, ఎండిన గింజలోను ఉన్న నీరంతా కలిపితే దాని బరువులో నూటికి పదిపాళ్ళు కూడా ఉండకపోవచ్చు. మనకు మరణమైనది వాటికి నిద్ర ఎలాగయింది?

ప్రతి ప్రాణి శరీరమూ కంటికి కనిపించని జీవకణాలతో కట్టబడినది. ప్రతి కణానికీ చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. ఇది క్రొవ్వు జాతి అణువులు రెండు వరుసలుగా నిలబడితే ఏర్పడిన గోడ. ఆ అణువుల తలలు నీటిని కోరుతాయి, తోకలు నీటిని ఓర్వవు. చుట్టూ నీరున్నంతకాలము తలల మధ్య నీటి అణువులు నిలిచి వాటిని తగినంత ఎడముగా ఉంచుతాయి. గోడ మెత్తగా, సాగే గుణముతో ఉంటుంది. నీరు పోగానే తలలు ఒకదానిమీద ఒకటి పడి ఇరుక్కుపోతాయి. గోడ బిరుసెక్కుతుంది. మళ్ళీ నీరు తగిలినప్పుడు అది ఒక్కసారిగా సర్దుకోలేక చిల్లులు పడి, లోపలిదంతా బయటికి కారిపోతుంది. చాలా జీవులు ఎండినప్పటికంటె తిరిగి తడిసినప్పుడే చెడిపోవడానికి ఇది ఒక కారణము.

కణము లోపల మాంసకృత్తులు ఉంటాయి. ప్రతి మాంసకృత్తూ తన పని చేయడానికి ఒక ప్రత్యేకమైన మడతలో ఉండాలి. నీరు పోతే ఆ మడతలు విడిపోయి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. ఉడికిన కోడిగ్రుడ్డు తెల్లసొన మళ్ళీ పచ్చిసొన కానట్లే, అలా ముద్దకట్టినవి మళ్ళీ పనికి రావు. వంశ లక్షణాలను మోసే డి.ఎన్.ఎ. పోగులు కూడా ఎండుదెబ్బకు తెగుతాయి.

కాబట్టి ఎండి కూడా బ్రతకదలచిన ప్రాణికి మూడు పనులున్నాయి: పొర ఇరుక్కుపోకుండా చూచుకోవాలి, మాంసకృత్తులు అతుక్కోకుండా చూచుకోవాలి, తెగినవాటిని తిరిగి నీరు దొరికినప్పుడు బాగుచేసుకోవాలి.

పాకము చెప్పే పాఠము

హాలెండు దేశములో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన చేతితో చేసుకున్న భూతద్దాలతో ఎన్నో సూక్ష్మజీవులను మొదటిసారి చూచినవాడు. 1702లో ఆయన ఇంటికప్పు నీటి కాలువలో ఎండిపోయిన దుమ్మును తీసి నీటిలో కలిపాడు. కాసేపటికి అందులో చిన్న చిన్న ప్రాణులు ఈదసాగినవి. వాటినే ఇప్పుడు రోటిఫర్లు అంటున్నారు. చూచినవారు ఆశ్చర్యపడ్డారు గాని కారణము తెలియడానికి రెండు వందల యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

మన కోస్తా జిల్లాలలో రొయ్యపిల్లల హేచరీలకు దిగుమతి అయ్యే ఆర్టీమియా డబ్బాలను చూచినవారు ఉండవచ్చు. డబ్బాలో ఉండేది గోధుమరంగు పొడి మాత్రమే. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పుసరస్సు నుండి తీసిన చిన్న రొయ్యజాతి పురుగుల ఎండు గ్రుడ్లవి. ఉప్పునీటిలో వేస్తే ఒక రోజులో పిల్లలు బయటికి వస్తాయి. 1960లలో జేమ్స్ క్లెగ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ గ్రుడ్లలో ట్రెహలోజ్ అనే ఒక రకము చక్కెర మెండుగా ఉన్నదని చూపాడు. ఆ తర్వాత జాన్ క్రో, లోయిస్ క్రో దంపతులు 1984లో ఒక ముఖ్య సంగతి ప్రకటించారు. ఎండేటప్పుడు ట్రెహలోజ్ అణువులు కణపు పొరలోని తలల మధ్యకు వెళ్ళి, నీరు ఖాళీచేసిన చోటులోనే కూర్చుంటాయి. నీరు లేకపోయినా నీటి పని జరుగుతుంది. తలలు ఇరుక్కోవు, పొర బిరుసెక్కదు.

చక్కెర చేసే రెండవ పని ఇల్లాండ్రకు సులభముగా అర్థమౌతుంది. బెల్లము పాకము పట్టేటప్పుడు మొదట తీగపాకము, తర్వాత ఉండపాకము, ఇంకా కాస్తే ముదురుపాకము వస్తాయి. ముదురుపాకములో వేరుశెనగ పప్పు వేసి పళ్ళెములో పరిస్తే చల్లారి చిక్కీ అవుతుంది. అప్పుడు పప్పులు కదలవు, ఒకదానికొకటి రాసుకోవు. ఎక్కడివక్కడ బిగిసిపోతాయి. ఎండుతున్న కణములో జరిగేదీ ఇదే. లోపలి చక్కెర చిక్కబడి చిక్కబడి చివరకు గాజులాగ గట్టిపడుతుంది. మాంసకృత్తులు ఆ గాజులో చిక్కీలోని పప్పులలాగ నిలిచిపోతాయి. కదలిక లేదు కనుక చెడడమూ దాదాపు ఆగిపోతుంది. ఊపిరి లేదు, ఆకలి లేదు, పెరుగుదల లేదు. అయినా ప్రాణము పోలేదు. 1959లో డేవిడ్ కీలిన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ స్థితికి “దాగిన జీవము” అనే అర్థము వచ్చే పేరు పెట్టాడు.

చిక్కీ విషయములో మరొక అనుభవము ఉన్నది. ముసురు పట్టిన రోజున డబ్బా మూత సరిగా పెట్టకపోతే చిక్కీ మెత్తబడి జిగురౌతుంది. దీనిని పాఠకులు గుర్తుంచుకోవాలి. మా విత్తనాల కథ ఇక్కడికే వచ్చి చేరుతుంది.

చక్కెర ఒక్కటే కాదు

మన పప్పుధాన్యాల గింజలలో పనిచేసేది ట్రెహలోజ్ కాదు. మామూలు చక్కెర, దానితోపాటు రాఫినోజ్ జాతి చక్కెరలు. అలసందలు, శెనగలు ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది కదా? ఆ ఉబ్బరానికి ముఖ్య కారణము మన కడుపుకు అరగని ఈ చక్కెరలే. గింజ తనను తాను కాపాడుకొనడానికి దాచిన సరకు అది. నానబెట్టి మొలకెత్తిస్తే గింజ దానిని తానే వాడుకొంటుంది. మొలకెత్తినవి కడుపులో తేలికగా ఉండడానికి అదొక కారణము.

1981లో అమెరికాలో లియాన్ డ్యూర్, ఆయన తోటివారు ప్రత్తిగింజల మీద పరిశోధన చేసి, గింజ ముదిరే చివరి దశలో కొన్ని మాంసకృత్తులు విస్తారముగా తయారౌతున్నవని కనిపెట్టారు. వీటిని “లీ” మాంసకృత్తులు అంటున్నారు. ఇవి నీటిని అమితముగా ఇష్టపడేవి. వేడిచేసినా చాలావరకు ముద్దకట్టవు. మిగతా మాంసకృత్తుల మధ్య అడ్డుగా నిలిచి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడుతాయని ఇప్పుడు అర్థమౌతున్నది. తర్వాత ఇటువంటివే పురుగులలోను, సూక్ష్మజీవులలోను కనబడినవి. లీవెన్‌హుక్ చూచిన రోటిఫర్లలో కొన్నింటికి ట్రెహలోజ్ లేనే లేదని 2003లో తేలింది. నీటి ఎలుగుబంటి అని పిలిచే టార్డిగ్రేడ్ అనే సూక్ష్మప్రాణి ఎక్కువగా తనకే ప్రత్యేకమైన మాంసకృత్తుల మీద ఆధారపడుతుంది. ఎండి ముడుచుకొన్న టార్డిగ్రేడ్లను 2007లో యూరపువారు అంతరిక్షములోనికి పంపి ఆ శూన్యములో ఉంచితే, వాటిలో కొన్ని తిరిగివచ్చి నీటిలో కదిలాయి. ఇల్లు ఒక్కటే అయినా కట్టే రాయి ఊరూరికీ వేరైనట్లు, ఒక్కొక్క ప్రాణికి ఒక్కొక్క ఏర్పాటు.

సిద్ధపడడానికి సమయము కావాలి

ఆఫ్రికాలోని నైజీరియా దేశములో మన రాయలసీమవంటి బండరాళ్ళున్నాయి. వాటి గుంతలలో వాననీరు నిలిచినప్పుడు ఒక రకపు దోమజాతి పురుగు పెరుగుతుంది. గుంత ఎండితే పురుగూ ఎండిపోతుంది. పదిహేడేళ్ళు ఎండి ఉండి మళ్ళీ లేచిన దాఖలా ఉన్నది. ఈ పురుగును రెండు రోజులపాటు మెల్లగా ఎండనిస్తే ఒంటినిండా ట్రెహలోజ్ తయారుచేసుకొని బ్రతుకుతుంది. గబగబా కొన్ని గంటలలో ఎండబెడితే చస్తుంది. అదే పురుగు, అదే ఎండు. తేడా అంతా సిద్ధపడడానికి దొరికిన సమయములోనే ఉన్నది.

మన చేలలోను, తోటలలోను కూడా ఇదే చూస్తాము. మదనపల్లె టమోటా గింజను కడిగి ఎండబెట్టి కాగితములో కట్టి ఉంచితే ఏళ్ళు గడిచినా మొలుస్తుంది. పుంగనూరు వైపు మామిడిటెంకను అలాగే ఎండబెడితే మొలవదు, పనసగింజ కూడా అంతే. వీటికి ఎండును తట్టుకొనే ఏర్పాటు లేదు. పండు రాలిన వెంటనే తడినేలలో మొలవడమే వాటి పద్ధతి. అందుకే మామిడిటెంకలను ఎండకముందే నాటుతారు.

లేతగా కోసిన గింజ కూడా ఎండితే నిలువదు. చక్కెరలు, లీ మాంసకృత్తులు చివరి దశలోనే చేరుతాయి గనుక, ఆ దశకు రాకముందే పెరికితే గింజ సిద్ధపడనట్లే. ఇక మొలక బయటికి వచ్చిన తర్వాత ఆ రక్షణ అంతా ఖర్చైపోతుంది. ఒక్క వానకు మొలిచి, తర్వాత వాన మొగము చాటేస్తే మొలకలు ఎండి పోవడము మన సీమలో ఎవరికి తెలియదు? మట్టిలో ఎండుగా ఉన్నంతకాలము ఓర్చుకున్న గింజ, ఒకసారి మొలిచాక వెనుకకు పోలేదు.

లేచినదంతా బ్రతికినది కాదు

పరిశుద్ధ దేశము నుండి తెచ్చామంటూ యెరికో గులాబి అని ఎండిన ముద్ద ఒకటి అమ్ముతుంటారు. నీటిలో వేస్తే విచ్చుకుంటుంది. కాని ఆ మొక్క చచ్చి చాలాకాలమై ఉంటుంది. తడికి దాని ఎండుకొమ్మలు చాచుకొంటాయి, అంతే. సంజీవని అని అమ్మే ముద్దలను కూడా విచ్చుకోవడము చూచి నమ్మరాదు. మళ్ళీ పచ్చబడిందా, క్రొత్త చిగురు వచ్చిందా అన్నదే పరీక్ష.

దీనికి భిన్నముగా నిజముగానే లేచినది ఒకటున్నది. మృతసముద్రము ప్రక్కన హేరోదు కట్టించిన మసాదా కోటలో 1960లలో జరిగిన త్రవ్వకాలలో ఖర్జూరపు గింజలు దొరికాయి. వాటి వయస్సు సుమారు రెండు వేల సంవత్సరాలని లెక్కకట్టారు. 2005లో ఇశ్రాయేలు దేశములో నాటితే ఒకటి మొలిచింది. ఆదికాండములో అందరికంటె ఎక్కువకాలము బ్రతికినవాని పేరే దానికి పెట్టారు: మెతూషెల. అది మగచెట్టు. ఆ తర్వాత అదే ప్రాంతపు పాతగింజల నుండి మొలిపించిన హన్నా అనే ఆడచెట్టు మెతూషెల పుప్పొడితో 2020లో కాయలు కాచింది. ఆ ఎడారి పొడిగాలి గింజలోని గాజును కరగనీయలేదు. అయినా నాటిన గింజలన్నీ మొలవలేదు. దాగిన జీవానికి కూడా ముసలితనమున్నది. డి.ఎన్.ఎ. తెగుళ్ళు పోగవుతాయి. తడి తగిలినప్పుడు బాగుచేసుకోగలిగినంత వరకే గింజ లేస్తుంది.

ఆరోగ్యవరము నుండి మన బిడ్డల భుజము వరకు

ఎండినా చావని ఈ ప్రాణాన్ని మనుష్యులు మందుగా కూడా వాడుకొన్నారు. దానికి మదనపల్లెతోనే సంబంధమున్నది. 1915లో ఇక్కడ అనేక మిషనులు కలిసి నడిపిన క్షయ ఆసుపత్రి ఆరంభమయింది. డెన్మార్కు దేశపు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి మొదటి పెద్ద. ఆ చోటే ఆరోగ్యవరము. 1948లో మన దేశములో బి.సి.జి. టీకాలు ప్రయోగాత్మకముగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950లలో చుట్టుప్రక్కల గ్రామాలలో ఆ టీకా ఎంతవరకు పనిచేస్తున్నదో పరిశీలనలు జరిగాయి.

బి.సి.జి. అంటే చచ్చిన మందు కాదు. పశువుల క్షయక్రిమిని ఫ్రాన్సు దేశములో కాల్మెట్, గెరిన్ అనే ఇద్దరు పదమూడేళ్ళు ప్రయోగశాలలో పెంచి పెంచి బలహీనపరచినది. అది బ్రతికి ఉండి బిడ్డ ఒంటిలో చేరితేనే ఫలితము. ఆ తొలి రోజుల టీకా ద్రవరూపములో ఉండేది. చల్లగా ఉంచి, కొన్ని వారాలలోనే వాడెయ్యాలి. రోడ్లు, కరెంటు లేని పల్లెలకు అది చేరడమెలా? దీనికి దొరికిన మార్గము ఎండబెట్టడమే. క్రిములను గడ్డకట్టించి, గాలి తీసివేసిన పాత్రలో ఉంచితే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతుంది. అవి చావకుండా సోడియం గ్లూటమేట్ అనే ఉప్పును ముందుగా కలుపుతారు. హోటళ్ళలో రుచికి వేసే అజినోమోటో అదే. ఇలా ఎండినా కొన్ని క్రిములు చస్తాయి, కాని కావలసినన్ని బ్రతుకుతాయి.

నర్సమ్మ చేతిలో గోధుమరంగు సీసాలో కనిపించే తెల్లపొడి అదే. ఆమె ఉప్పునీరు కలిపిన క్షణము నుండి రక్షణ కరిగిపోతుంది. అందుకే నాలుగు గంటలలో వాడనిది పారవేస్తారు. మిగిలింది కదా అని మరునాటికి ఉంచరు. పసిబిడ్డలకు మెదడు పొరల క్షయ వంటి ప్రమాదకరమైన జబ్బులు రాకుండా ఈ టీకా కాపాడుతుంది. మన ఎడమ భుజము మీద ఉన్న చిన్న మచ్చ, ఒకప్పుడు ఎండి నిద్రించి, మనలో మేలుకొన్న ప్రాణులు పెట్టిన గుర్తు.

మా వేరుశెనగ ఎందుకు చచ్చింది?

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు జవాబు చెప్పగలము. నిరుడు వేసవి పంటను పెరికి, నాలుగు రోజులు మిద్దె మీద సిమెంటు గచ్చుపై మండుటెండలో పోశాము. అంత వేడిలో త్వరగా ఎండడమువలన గింజకు దెబ్బ తగిలింది. తర్వాత చోటు కలిసివస్తుందని అప్పుడే మిషనుకు వేసి ఒలిపించాము. పొట్టు పోయి, పప్పులు నలిగి, గాలి తగిలింది. వేరుశెనగలో నూనె ఎక్కువ గనుక అది కారుతుంది, దానితోపాటు కణపు పొరలలోని క్రొవ్వు కూడా చెడుతుంది. చివరికి ఆ పప్పును యూరియా సంచులలో కట్టి వంటయింటి ప్రక్కన పెట్టాము. ఆవిరి, వేడి తగిలి, గింజలోపలి గాజు ముసురునాటి చిక్కీలాగ మెత్తబడింది. కదలిక మొదలైనది గాని మొలవడానికి తగినంత నీరు లేదు. నిద్రా లేదు, మెలకువా లేదు. ఆ స్థితిలోనే గింజ ముసలిదై చచ్చింది.

విత్తన శాస్త్రజ్ఞుల లెక్క ఒకటున్నది. గింజలో తేమ ఒక శాతము తగ్గితే దాని ఆయుస్సు ఇంచుమించు రెట్టింపు. నిలువ ఉంచిన చోటు వేడి ఐదు డిగ్రీలు తగ్గినా అంతే. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ ఈ సూత్రము మీదనే వేరుశెనగ, జొన్న, సజ్జ, కంది, శెనగ మొదలైన లక్షకు పైగా విత్తన రకాలను కాపాడుతున్నది. గింజలను చల్లని పొడిగదిలో మెల్లగా ఆరబెట్టి, గాలి చొరని అల్యూమినియం సంచులలో మూసి, సున్నకు క్రింద 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. 2008 నుండి వాటి నకళ్ళను నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచుకొండలోని విత్తన నిలయానికి కూడా పంపుతున్నారు. మన పెద్దలు రాగులను పాతరలో పోసి, మట్టితో మూసి, కరువునాటికి దాచినది కూడా పొడిగా, చల్లగా, గాలి తగలకుండా ఉంచడమే.

చలిగది మనకు లేదు. కాని చేయగలిగినవి ఉన్నాయి. ఈ సంవత్సరము మేము బాగా ముదిరిన కాయలనే విత్తనానికి ఏరాము. పందిరి నీడలో, గాలి ఆడేచోట పలుచగా పరచి, రోజూ తిరగవేస్తూ మెల్లగా ఆరబెట్టాము. కాయను ఊపితే గలగలలాడి, పప్పును బొటనవ్రేలితో నొక్కితే ఎర్రపొట్టు ఊడివచ్చేదాకా ఆగాము. కాయలుగానే గోనెసంచులలో పోసి, నేల తగలకుండా కొయ్యబల్లల మీద, వంటయింటికి దూరముగా ఉంచాము. విత్తడానికి వారము ముందు మాత్రమే చేతితో ఒలిచాము.

అంతేగాక ముందుగా పరీక్ష చేశాము. నూరు గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, ఆరకుండా నీళ్ళు చిలకరిస్తూ ఉంచి, వారము తర్వాత విప్పి లెక్కపెట్టాలి. డెబ్బైకి తక్కువ మొలిస్తే వాటిని నమ్మి చేనుకు వెళ్ళరాదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు. నిరుడు చేసి ఉంటే మా అప్పు తప్పేది.

పట్టా విప్పినప్పుడు అవ్వే లెక్కపెట్టింది. ఎనభై ఆరు మొలిచాయి. ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, మొలవని పద్నాలుగింటినీ ప్రక్కన పెట్టి, “ఇంక వాన రానీ” అన్నది.